ఒకరికొకరము పరదేశులము: ఆటిజం చరిత్రలో అపార్థము, అన్యోన్య అవగాహన

ఉపోద్ఘాతము

2004వ సంవత్సరములో మేము కొల్లేటి లంక గ్రామములలో ఒక చిన్న సంఘమునకు కాపరిగా ఉన్నాము. ఆ సంఘములో తొమ్మిదేళ్ళ బాలుడు ఒకడు ఉండేవాడు. పలకరిస్తే ముఖము చూసేవాడు కాదు. డప్పు, తాళములు మొదలు కాగానే రెండు చెవులు మూసుకొని బయటికి పరుగెత్తి, రేవులో కట్టిన దోనెల దగ్గర కూర్చునేవాడు. "బాగున్నావా బాబూ?" అని అడిగితే ఒక అంకె చెప్పి ఊరుకునేవాడు. అవి పాటల పుస్తకములోని కీర్తనల నెంబర్లని మాకు తెలుసు. వాటికి అర్థమున్నదని మాత్రము తెలియదు.

ఊరిలో కొందరు గాలి సోకిందన్నారు. మరికొందరు తల్లి చేసుకొన్న పాపమన్నారు. ఆ ఏడు జరిగిన ఉజ్జీవ కూటములలో ఆ బాలుని నిమిత్తము ప్రత్యేకముగా స్వస్థత ప్రార్థన ఏర్పాటు చేసినాము. మైకు పెద్దగా మ్రోగుచుండగా, నలుగురము వాని చేతులు గట్టిగా పట్టుకొనగా, వచ్చిన బోధకుడు మూగ దయ్యమును గద్దించాడు. బాలుడు గొంతు పోయేవరకు అరిచాడు. పట్టుకొన్న చేతులలో మా చేతులు కూడా ఉన్నవి.

తరువాతి ఆదివారము ఆ కుటుంబము ఆరాధనకు రాలేదు. మేము ఇంటికి వెళ్ళగా వాని మామ్మ అరుగు మీద కూర్చోబెట్టి ఇట్లు చెప్పింది: "అయ్యగారూ, వాడు చెప్పేది నెంబరు కాదండి, మాటండి. వాళ్ళ నాన్నను పెట్టిలో పెట్టిన రోజున పాడిన పాటండి అది. భయమేసినప్పుడల్లా అదే చెబుతాడు. ఆ రాత్రి తెల్లవార్లూ అదే చెప్పాడండి."

మూగ అనుకొన్న బాలుడు ఎంతో కాలముగా మాటలాడుచునే ఉన్నాడు. ఆ దినమున మాలో పుట్టిన ప్రశ్న ఈ వ్యాసమునకు మూలము. ఇద్దరి మధ్య అవగాహన లేనప్పుడు లోపము ఒకరిలోనే ఉన్నదని ఎందుకు అనుకొంటాము? ఆటిజమును గూర్చిన నూరేండ్ల చరిత్రను, సంఘ చరిత్రలోని ఒకటి రెండు ఘట్టములను ఈ ప్రశ్నతో పరిశీలింతము. వైద్య విషయములను బోధించుట మా ఉద్దేశము కాదు.

1. లోపమును వెదకిన చరిత్ర

ఆటిజం అను మాట గ్రీకు భాషలోని 'ఆటోస్' నుండి వచ్చింది. 'తాను' అని దాని భావము. స్విట్జర్లాండుకు చెందిన మానసిక వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1911 ప్రాంతములో ఈ మాటను వాడుకలోనికి తెచ్చాడు. లోకము నుండి తనలోనికి తాను ముడుచుకొనిపోవుట అను అర్థములో, వేరొక మానసిక వ్యాధి లక్షణముగా ఆయన దానిని వాడాడు. సోవియట్ వైద్యురాలు గ్రున్యా సుఖరేవా 1925లో ఆరుగురు బాలురను గూర్చి వ్రాసిన వ్యాసములో నేడు మనము ఆటిజం అని పిలిచే లక్షణములు స్పష్టముగా ఉన్నవి. అయితే చాలా కాలము ఆ వ్యాసమును ఎవరూ పట్టించుకోలేదు.

1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరములో లియో కానర్ పదకొండు మంది పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసముతో ఆటిజం ప్రత్యేకమైన స్థితిగా గుర్తింపు పొందింది. మరుసటి సంవత్సరము వియన్నాలో హాన్స్ ఆస్పర్గర్ ఇటువంటి వ్యాసమే ప్రచురించాడు. ఆ దినములలో వియన్నా నాజీల చేతిలో ఉన్నది. 'పనికిరాని' పిల్లలని ముద్ర పడినవారిని ఆ నగరములోని ష్పీగెల్‌గ్రుండ్ అను సంస్థకు పంపేవారు. అక్కడ సుమారు 800 మంది పిల్లలు మరణించారు. ఆస్పర్గర్ తాను చూచిన పిల్లలలో కొందరిని అక్కడికి పంపించాడని హెర్విగ్ చెక్ అను చరిత్రకారుడు 2018లో దస్తావేజులతో నిరూపించాడు. ఒక బిడ్డ మనకు అర్థము కాకపోవుటకును, ఆ బిడ్డ బ్రదుకునకు విలువ లేదనుటకును మధ్య దూరము ఎంత తక్కువో ఈ సంగతి చూపుచున్నది.

తరువాత నింద తల్లుల మీద పడింది. ఈ పిల్లల తలిదండ్రులలో వెచ్చదనము తక్కువని కానర్ 1949లో వ్రాశాడు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ తన గ్రంథములో ఈ అభిప్రాయమును మరింత ప్రచారము చేశాడు. ప్రేమలేని తల్లి వలన బిడ్డ ఇట్లయ్యాడని ఒక తరము వైద్యులు నమ్మారు. తానే ఒక ఆటిజం గల కుమారునికి తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే ఈ వాదమును ఖండించాడు. 1969లో కానర్ తలిదండ్రుల సభలో నిలువబడి వారి మీద ఏ నింద లేదని చెప్పాడు. ఈ మనిషి పాపము చేసెనా, వీని కన్నవారా అని యోహాను సువార్త 9వ అధ్యాయములో శిష్యులు అడిగిన ప్రశ్న ఇరువదవ శతాబ్దములో ఆసుపత్రి భాషలో మరల వినబడింది. మా లంక గ్రామములో వినబడినదియు అదే ప్రశ్న.

1985లో లండనులో సైమన్ బారన్-కోహెన్, ఆలన్ లెస్లీ, ఊటా ఫ్రిత్ అనువారు ఒక పరీక్ష చేశారు. రెండు బొమ్మలు. ఒక బొమ్మ తన గోళీని బుట్టలో పెట్టి బయటికి వెళ్ళింది. రెండవ బొమ్మ ఆ గోళీని తీసి పెట్టెలో దాచింది. మొదటి బొమ్మ తిరిగి వచ్చి గోళీ కొరకు ఎక్కడ వెదకును? పరీక్షకు వచ్చిన 20 మంది ఆటిజం గల పిల్లలలో 16 మంది పెట్టెలో అన్నారు. ఇతరుల మనస్సులో ఏమున్నదో ఊహించుట వీరికి కష్టమని దాని నుండి తేలినది. ఇది విలువైన పరిశోధనే. అయితే ఇచ్చటను పరీక్ష ఒక వైపే జరిగినది. ఆటిజం గలవారి మనస్సులో ఏమున్నదో ఇతరులు గ్రహించగలరా అని ఎవరూ పరీక్షించలేదు.

2. సంఘ చరిత్రలో రెండు సాక్ష్యములు

సంఘములోను ఇటువంటి పిల్లలు, పెద్దలు ఎల్లప్పుడు ఉన్నారు. రెండు ఘట్టములను చూతము.

మొదటిది మన లూథరన్ సహోదరులకు బాధ కలిగించేది. 1540లో మార్టిన్ లూథరు భోజనపు బల్ల వద్ద చెప్పినదిగా ఇతరులు వ్రాసిపెట్టిన సంభాషణలలో డెస్సౌ పట్టణములోని పండ్రెండేళ్ళ బాలుని ప్రస్తావన ఉన్నది. ఆ బాలుడు విపరీతముగా తినేవాడట. ముట్టుకొంటే ఏడ్చేవాడట. ఇంటిలో కీడు జరిగితే నవ్వేవాడట. వీనిని నదిలో పడవేయించుట మేలని లూథరు అక్కడి ప్రభువునకు సలహా ఇచ్చాడని, వారు ఒప్పుకొననందున దయ్యము పోవుటకు దేవాలయములో ప్రభువు ప్రార్థన చెప్పించుమన్నాడని ఆ సంభాషణలో ఉన్నది. ఆ బాలుడు ఆటిజం గలవాడని ఇటీవలి రచయితలు కొందరు ఊహించారు. ఇతరులు అంగీకరించలేదు. అయిదు శతాబ్దముల తరువాత రోగ నిర్ణయము చేయుట సాధ్యము కాదు. ఆ మాటలు లూథరు స్వయముగా వ్రాసినవి కావనియు మనము గుర్తుంచుకొనవలెను. అయినను, ముట్టుకొంటే ఏడ్చిన బిడ్డను గూర్చి చదివినప్పుడు, ఎందుకు ఏడ్చుచున్నావని ఆ బిడ్డను అడిగినవారు ఎవరూ ఆ కథలో కనబడరు. మా చేతులలో పెనుగులాడిన బాలుడు మాకు జ్ఞాపకము వచ్చాడు.

రెండవది పదమూడవ శతాబ్దపు ఇటలీలో అస్సీసీ ఫ్రాన్సిసు అనుచరులలో ఒకడైన సహోదరుడు జూనిపరు కథ. ఒక పేదరాలు ధర్మము అడుగగా ఈయన బలిపీఠపు వస్త్రమునకు ఉన్న వెండి గంటలను కోసి ఇచ్చివేశాడు. పై అధికారి ఆయనను గొంతు బొంగురుపోయేంతగా చీవాట్లు పెట్టాడు. జూనిపరు ఆ చీవాట్లను పట్టించుకొనలేదు, బొంగురుపోయిన గొంతును పట్టించుకొన్నాడు. ఆ రాత్రి వెన్న వేసి పిండి జావ కాచి, దీపము పట్టుకొని అధికారి తలుపు తట్టాడు. ఆయన కోపముతో త్రాగనన్నాడు. అట్లయితే మీరు దీపము పట్టుకొనండి, నేను త్రాగుతాను అన్నాడు జూనిపరు. అధికారి కోపము కరిగిపోయింది. ఇద్దరును కలిసి కూర్చొని ఆ జావ త్రాగారు.

ఊటా ఫ్రిత్ 1989లో ఆటిజమును గూర్చి వ్రాసిన గ్రంథములో ఈ జూనిపరు కథలను ప్రస్తావించినది. ఆయనకు ఆటిజం ఉన్నదని రూఢిగా చెప్పలేము. ఈ కథలు భక్తులు చెప్పుకొన్నవే. కాని మన విషయమునకు కావలసినది ఇందులో ఉన్నది. జూనిపరు తన పద్ధతిలో ప్రేమ చూపాడు. ఆ పద్ధతి వింతగా ఉన్నను అది ప్రేమయే అని అధికారి గ్రహించాడు. అవగాహనకు ఇద్దరును ఒక్కొక్క అడుగు వేశారు.

3. ఒక రైతు కుటుంబము నేర్పిన పాఠము

కానర్ వ్యాసములోని పదకొండు మందిలో మొదటి బాలుడు డోనాల్డ్ ట్రిప్లెట్. 1933లో మిసిసిపీ రాష్ట్రములోని ఫారెస్ట్ అను చిన్న పట్టణములో పుట్టాడు. వైద్యుల సలహాపై మూడేళ్ళ వయస్సులో తలిదండ్రులు అతనిని ఒక సంస్థలో ఉంచారు. అక్కడ మరింత ముడుచుకొనిపోగా, సుమారు ఏడాది తరువాత ఇంటికి తెచ్చుకొన్నారు. 1942లో, తొమ్మిదేళ్ళప్పుడు, దగ్గరలోని పల్లెలో ఒక రైతు దంపతుల యొద్ద ఉంచారు. కానర్ 1945లో అక్కడికి వెళ్ళి చూచిన సంగతులను తరువాత వ్రాశాడు.

డోనాల్డుకు కనబడినదెల్ల కొలిచే అలవాటు. ఆ రైతు కొలవవద్దనలేదు. బావి త్రవ్వించి దాని లోతు చెప్పుమన్నాడు. చచ్చిన పక్షులను, పురుగులను ఏరుకొని వచ్చేవాడు. ఒక మూల చిన్న సమాధుల స్థలము ఇచ్చి గురుతులు పెట్టుమన్నారు. మొక్కజొన్న సాళ్ళను మాటిమాటికి లెక్కించేవాడు. అయితే దున్నుచు లెక్కించుమని నాగలి చేతికిచ్చారు. కానర్ చూచినప్పుడు ఆ బాలుడు గుఱ్ఱమును నడిపించుచు పొడవైన సాళ్ళు దున్నుచున్నాడు.

ఆ రైతు దంపతులకు ఆటిజం అను మాటతో పని లేదు. బాలుని అలవాటులో అర్థమున్నదని నమ్మారు. తమ పొలములో దానికి చోటు చేశారు. బాలుడును వారి పని నేర్చుకొన్నాడు. తరువాత డోనాల్డ్ పట్టభద్రుడై, సొంత ఊరిలోని బ్యాంకులో ఉద్యోగము చేశాడు. అనేక దేశములు చూచాడు. ఊరివారు అతని వింత అలవాట్లను ఎరిగి, అతనిని తమవానిగా చూచుకొన్నారు. 2023లో 89 ఏండ్ల వయస్సులో మరణించాడు. అతని కుటుంబము కలిగినది గనుక అతనికి అవకాశములు ఎక్కువ దొరికినవన్నదియు నిజము. అయితే ఆ పొలములో జరిగినదానికి డబ్బు అక్కరలేదు.

కానర్ 1946లో వ్రాసిన మరొక వ్యాసమును మేము ఎంతో ఆలస్యముగా చదివినాము. ఈ పిల్లలు అర్థము లేకుండ పలుకుచున్నట్లు తోచే మాటలకు వెనుక ఒక అనుభవము ఉంటుందని ఆయన అందులో చూపాడు. ఒక తల్లి పిల్లవానికి పీటరు అనువాని పాట చెప్పుచుండగా చేతిలోని గిన్నె జారిపడింది. అప్పటి నుండి గిన్నెను చూచినప్పుడెల్ల ఆ పిల్లవాడు పాటలోని మాటలే పలికేవాడు. ఆ సంగతి తెలిసినవారికి అది భాష. తెలియనివారికి పిచ్చి మాట. లంక గ్రామములోని మామ్మ కానరును చదువలేదు. ఆయన వ్రాసినదే ఆమె మాకు అరుగు మీద చెప్పింది.

4. రెండు వైపుల నుండి చూచుట

1990వ దశకము నుండి ఆటిజం గలవారు తామే మాటలాడ మొదలుపెట్టారు. 1993లో జిమ్ సింక్లెయిర్ తలిదండ్రులను ఉద్దేశించి, మా కొరకు దుఃఖించుట మాని మమ్మును తెలిసికొనుడని కోరారు. 2012లో బ్రిటనుకు చెందిన డామియన్ మిల్టన్, తానును ఆటిజం గల సామాజిక శాస్త్రవేత్త, ఒక కొత్త ఆలోచన తెచ్చాడు. అవగాహన లోపించుట రెండు వైపులా ఉన్న సమస్య అని ఆయన వాదన. భిన్నమైన రీతిలో లోకమును అనుభవించే ఇద్దరు కలిసినప్పుడు ఒకరినొకరు తెలిసికొనుట ఇద్దరికిని కష్టమే. ఎక్కువ మంది ఒక వైపు ఉన్నందున రెండవ వైపువారినే లోపము గలవారని పిలుచుచున్నాము.

దీనిని పరీక్షించినవారున్నారు. 2017లో అమెరికాలో నోవా సాసన్ బృందము చేసిన పరిశీలనలో, ఆటిజం గలవారిని కొన్ని క్షణములు చూచినంతలోనే ఇతరులు వారిపై తక్కువ అభిప్రాయము ఏర్పరచుకొన్నారు. కాని వారు పలికిన మాటలను కాగితము మీద చదివినప్పుడు ఆ తేడా కనబడలేదు. 2020లో బ్రిటనులో కాథరిన్ క్రాంప్టన్ బృందము ఒక కథను ఎనిమిది మంది వరుసలో ఒకరి నుండి ఒకరికి చెప్పించినది. ఆటిజం గలవారు మాత్రమే ఉన్న వరుసలోను, వారెవరూ లేని వరుసలోను కథ ఒకే రీతిగా నిలిచింది. ఇద్దరూ కలిసిన వరుసలో ఎక్కువ జారిపోయింది. 2025లో మరి ఎక్కువ మందితో చేసిన పరిశీలనలో కలిసిన వరుసలోను తేడా కనబడలేదు. కనుక ఈ విషయములో చివరి మాట ఇంకా రాలేదు. అయితే ఆటిజం గలవారు సంగతిని అందించలేరు అను పాత నమ్మకమునకు ఈ రెంటిలో దేనిలోను ఆధారము లేదు.

పౌలు ఈ సంగతిని ఎరుగును. 1 కొరింథీయులకు 14:11లో, మాట యొక్క అర్థము తెలియనప్పుడు వినువాడు చెప్పువానికిని, చెప్పువాడు వినువానికిని పరదేశులగుదురని ఆయన భావము. పరదేశి ఒక్కడే కాడు, ఇద్దరును. మన ప్రాంతపు సంఘములు పుట్టినది ఈ సత్యము మీదనే. 1841లో మచిలీపట్నమునకు వచ్చిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్సు గాని, 1842లో గుంటూరు చేరిన హేయరు గాని, 1854లో ఏలూరులో పని ప్రారంభించిన చర్చి మిషనరీ సొసైటీవారు గాని తెలుగు నేర్వక సువార్త చెప్పలేకపోయారు. తెలుగువారికి ఇంగ్లీషు రాదు గనుక వారికి బుద్ధి లేదని తీర్మానించి ఉంటే ఏలూరులో సంఘము ఉండేది కాదు. భాష నేర్చుకొనవలసిన భారము మొదట వచ్చినవారి మీద ఉన్నది.

కొల్లేరు ప్రాంతమువారు ఉప్పుటేరును ఎరుగుదురు. వరదలో కొల్లేటి నీరు దాని గుండా సముద్రమునకు పోవును. ఎండకాలపు పోటులో సముద్రపు ఉప్పునీరు దాని గుండానే పైకి వచ్చును. త్రోవ ఒకటే, రాకపోకలు రెండు వైపులా. అవగాహనయు అటువంటిదే.

ఇందువలన ఆటిజంలో కష్టము లేదని మేము చెప్పుట లేదు. జీవితాంతము మరొకరి సహాయము కావలసినవారు, ఒక్క మాటయు పలుకలేనివారు అనేకులు. రాత్రులు నిద్ర లేని తల్లులు మన సంఘములలో ఉన్నారు. రెండు వైపులా అవగాహన అనుట వారి భారమును తేలిక చేసి చెప్పుట కాదు. ఆ భారమును తల్లి బిడ్డల మీదనే విడిచిపెట్టక సంఘమును పంచుకొనుట.

5. మన దేశములో, మన జిల్లాలలో

2021 నాటి అంచనా ప్రకారము లోకములో సుమారు 127 మందిలో ఒకరు ఆటిజం గలవారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన దేశములో తలిదండ్రులే మొదట పని చేపట్టారు. 1991లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం ఆరంభమైనది. 1999లో నేషనల్ ట్రస్టు చట్టము ఆటిజమును పేరు పెట్టి గుర్తించింది. 2011 జనాభా లెక్కలలో మాత్రము దానికి వేరుగా గడి లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 వైకల్యములలో ఇది ఒకటి. తెలుగువారికి దగ్గరలో సికింద్రాబాదులో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉన్నది. మండలములలో భవిత కేంద్రములు ఉన్నవి. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా ఉన్నది. కాపరులు సదరం శిబిరమునకు ఒక తల్లికి తోడు వెళ్ళుటయు పరిచర్యయే. మా చిన్నతనములో ఇటువంటి పిల్లలందరికి ఉన్న పేర్లు వెర్రి, మొద్దు అనునవి మాత్రమే.

2006లో కొల్లేటిలోని చేపల చెరువుల గట్లు కొట్టివేసిన తరువాత పని కొరకు అనేక కుటుంబములు వలస పోయినవి. మేము చెప్పిన బాలుని కుటుంబము తాడేపల్లిగూడెం చేరింది. కొన్ని సంవత్సరముల తరువాత ఆ పట్టణములో ఒక సంఘమునకు వాక్యము చెప్పుటకు వెళ్ళినప్పుడు అతనిని చూచినాము. ఆరాధనకు ముందే వచ్చి, గోడ మీద కీర్తనల నెంబర్ల పలకలో ఆ దినపు అంకెలు అమర్చుచున్నాడు. ఒక రైసు మిల్లులో గుమస్తాగా చేసిన సంఘపెద్ద ఆ పని అతనికి అప్పగించాడట. అతడు కూర్చునే వైపు స్పీకరు తీసివేశారు. పాటల సమయములో బయట వేపచెట్టు క్రింద ఉండి, వాక్యమునకు లోపలికి వచ్చుట సంఘమంతటికి తెలిసిన సంగతి. ఎవరూ తిరిగి చూడరు.

ముగింపు

సమూయేలు మొదటి గ్రంథము మొదటి అధ్యాయములో హన్నా పెదవులు కదలుచు స్వరము వినబడక ప్రార్థించినప్పుడు యాజకుడైన ఏలీ ఆమె మత్తురాలని తలంచాడు. దేవాలయములో ముసలివాడైన దేవుని సేవకుడే ప్రార్థనను గుర్తుపట్టలేకపోయాడు. కాని ఆమె చెప్పుకొనగా విన్నాడు, మాట మార్చుకొన్నాడు, సమాధానముగా పొమ్మని దీవించాడు. కాపరులమైన మనకు ఏలీ తప్పు సులభముగా వచ్చును. ఆయన దిద్దుబాటు కూడా మనకు రావలెను.

పరిశీలించిన చరిత్రలో లోపమును ఒకరిలోనే వెదకిన ప్రతి సారి, అది బిడ్డలో గాని, తల్లిలో గాని, దయ్యములో గాని, బలహీనులకే గాయమైనది. ఇద్దరును నేర్చుకొనిన చోట, పొలములో గాని, మఠములో గాని, గూడెం సంఘములో గాని, కలిసి బ్రదుకుట సాధ్యమైనది. రోగుల నిమిత్తము ప్రార్థించుట మనము మానము. అయితే ప్రార్థనకు ముందు విందము. చేతులు వేయుటకు ముందు అడుగుదము. మైకు తగ్గించుదము. సెమినరీ విద్యార్థులు హెబ్రీ, గ్రీకు భాషలకు చూపే ఓర్పులో కొంత ఇట్టివారి భాషకును చూపవలెనని మా మనవి.

ఆ దినము ఆరాధన అయిన తరువాత మేము అతని ప్రక్కన నిలిచి, 2004లో జరిగినదానికి క్షమాపణ అడిగినాము. అతడు మా ముఖము చూడలేదు. ఒక అంకె చెప్పాడు. అది లంక గ్రామములో మేము విన్న అంకె కాదు. దాని భావమేమో ఆ గుమస్తాగారిని అడిగినాము. "ఆదివారము ఆఖరున, దీవెన ముందు పాడేదండి అయ్యగారూ. ఇంటికి వెళ్ళొచ్చు అని చెప్పడానికి వాడతాడు" అన్నాడు. అది క్షమాపణకు జవాబో, ఇక వెళ్ళుమనుటయో మాకు నేటికిని తెలియదు. నేర్చుకొనుచున్నాము.